నేతగానికి జాలి చాలునా?

చేనేత చీర కట్టుట పుణ్యమనియు, దానిని నేసినవాడు కూలికై పదిమందితో గూడుట పాపమనియు దలచు సజ్జనులు మన విద్యావంతుల కుటుంబములలో ననేకులు గలరు. వీరు దుష్టులు గారు. దానధర్మము లెఱిగినవారు, పత్రికలు చదువువారు, ఆడుబిడ్డలను కళాశాలలకు బంపువారు. మేమును వారిలోనివారమే. పరాయివారితో తగవు సులభము, ఇంటివారితోనే కష్టము. అయినను ఈ తగవు పెట్టుకొనక తప్పదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొంతకాలము క్రిందట మా పుత్తూరిలో నొక పెండ్లియింట భోజనములైన పిదప తాంబూలము వేసికొనుచు అరుగుమీద గూర్చుండి యుంటిమి. చుట్టుప్రక్కల మరమగ్గముల కొట్లలో కూలివారు కూలి హెచ్చింపనిదే పని ముట్టమని రెండు దినములు కూర్చున్న సంగతి ప్రసంగమునకు వచ్చెను. మాకు మిత్రులును, వయసున బెద్దలునగు నొక గృహస్థు మావైపు తిరిగి, “పంతులుగారూ, మీబోటివారు చెప్పవలెను. మగ్గము యంత్రమైన నాడే నేతవానికి చెడుకాలము వచ్చినది. దానిపై ఈ సంఘముల పిచ్చి యొకటి, తెల్లవారి దేశమునుండి దిగుమతియైనది. పేదవానిని మనము కనిపెట్టి చూచుకొనవలెను గాని వానికి పేచీలు నేర్పరాదు. కూలి పెరిగిన కొట్టువాడు కొట్టు మూయును, అప్పుడు వీని నోట మన్ను పడును” అనిరి.

అరుగుమీద నున్నవారిలో నెక్కువమంది తలలూపిరి. పెండ్లియింట వాదమేల యని మేమును ఊరకుంటిమి. ఆ మౌనమునకు ప్రాయశ్చిత్తముగా ఇపుడు బదులు చెప్పుచున్నాము. ఆయన మాటలలో మూడు వాదములున్నవి. యంత్రమే శత్రువనుట యొకటి. సంఘము పరదేశపు తెవులనుట రెండవది. దయ చాలును, కూలి పెరిగిన పనియే పోవుననుట మూడవది. మొదటి రెండును తప్పు. మూడవదానిలో సగము నిజము గలదు. ఆ సగము నిజమే మిక్కిలి ప్రమాదకరము.

ముందుగా పని యెట్లు జరుగుచున్నదో చూతము. మదరాసునుండి అరక్కోణము మీదుగా రేణిగుంటకు వచ్చు రైలుదారి ప్రక్కనున్న ఏకాంబరకుప్పము, నగరి, పుత్తూరు, ఆ దారికి కొంచెమెడముగా నున్న నారాయణవనము నేతయూళ్లు. తాతలనాడు ఇండ్లలో గుంటమగ్గము లుండెడివి. నేడు మరమగ్గముల కొట్లు టకటకలాడుచుండును. కొట్టువాడనగా గొప్ప ధనికుడని చదువరు లనుకొనరాదు. పెక్కండ్రకు నాలుగో ఎనిమిదో మగ్గములు. అవియు అప్పుమీద గొన్నవి. నూలు వానిది కాదు, గుడ్డయు వానిది కాదు. షావుకారు నూలిచ్చును, నేసిన గుడ్డను గొనిపోయి మీటరునకింత యని కూలి కట్టును. అందులో కరెంటు ఖర్చు, మరమ్మతు, అప్పువడ్డీ పోగా మిగిలినదానినుండి కొట్టువాడు మగ్గముకడ నిలుచువానికి మరల మీటరునకింత యని యిచ్చును. పడుగు తెగి అతుకు వేసికొన్న గంటలు, కరెంటు పోయిన పూటలు, నూలు రాని వారములు కూలివాని లెక్కలోనికి రావు. మగ్గము నడిచినప్పుడే వాడు మనిషి. మగ్గ మాగినప్పుడు వానికి ఆకలి యున్నట్లు ఎవరి చిట్టాలోను వ్రాయబడదు.

ఇట్టి పనిని జూచి యంత్రమును దిట్టుట సులభము. కాని యంత్రము మీటరునకింత యని బేరము పెట్టలేదు. వారమున కూలి యెగవేయుమని యెవరికిని చెప్పలేదు. చేమగ్గము నాడును షావుకారు గలడు, బాకీ గలదు, నేసినవానికి గుడ్డ లేకుండుటయు గలదు.

ఇంగ్లాండుదేశపు చరిత్ర యిచ్చట మనకు మంచి పాఠము చెప్పగలదు. లడ్డైటు అను మాట మన యింగ్లీషు చదువులలో యంత్రమును జూచి బెదరు మూర్ఖునకు పేరైనది. ఇది చరిత్రకు జేసిన యన్యాయము. 1811 మొదలుకొని నాటింగ్‌హాము ప్రాంతమున మేజోళ్ల మగ్గములను పగులగొట్టినవారు యంత్రమెఱుగని పామరులు గారు. ఆ మగ్గమును 1589లో విలియం లీ యనునాతడు కల్పించెను. దానిమీదనే తరతరములుగా బ్రదికినవారి సంతతి వీరు. అయితే మగ్గము వీరిలో బెక్కండ్రకు సొంతము కాదు. యజమానికి అద్దె చెల్లింపవలెను. పని చాలకున్నను అద్దె తప్పదు. కూలిని రొక్కముగా గాక సరకుగా నిచ్చు యజమానులు కొందఱుండిరి. వెడల్పుగుడ్డ నేయించి కత్తిరించి కుట్టించిన నాసిరకపు మేజోళ్లతో మంచి పనివాని ధర పడగొట్టినవారు కొందఱుండిరి. అట్టి యజమానుల మగ్గములను ఏరి పగులగొట్టి, సరియైన కూలి నిచ్చువారి మగ్గములను ముట్టక విడిచిన సందర్భములు గలవు. వారి కోపము యంత్రముపై గాదు. యంత్రము నడ్డుపెట్టుకొని జరుగు బేరముపై.

వారు సుత్తి యేల పట్టిరి? వేఱు దారులు మూయబడియుండుటచేతనే. 1799, 1800 సంవత్సరముల చట్టములచే కూలి హెచ్చుటకై పనివారు గూడుట నేరమైయుండెను. నూలుబట్టల నేతగాండ్రకు కనీసపు కూలి నిర్ణయింపవలెనను బిల్లును 1808లో పార్లమెంటు త్రోసివేసెను. 1812లో మగ్గము పగులగొట్టుటకు మరణదండనము విధించు చట్టము వచ్చెను. బైరను కవి ప్రభువుల సభలో తన తొలి యుపన్యాసమును దానికి ప్రతికూలముగానే చేసెను, అయినను చట్టమాగలేదు. 1813 జనవరిలో యార్కు నగరమున లడ్డైటులు పదునేడుగు రురితీయబడిరి. నోరు మూసినచోట చేయి లేచును. చేయి నరికినచోట కడుపులో నిప్పు నిలుచును.

1824లో ఆ కూటమి నిషేధచట్టములు రద్దయినవి. మరుసటి యేట కొన్ని కట్టుబాట్లు మరల వచ్చినను, సంఘము మాత్రము బహిరంగమున బ్రదుకుటకు దారి యేర్పడినది. 1838లో ఓటుహక్కు మొదలగు నాఱు కోరికలతో చార్టిస్టుల ప్రజాపత్రము వెలువడినది. 1844లో రాచ్‌డేలు పట్టణమున ఇరువదియెనమండుగురు చేరి, కల్తీలేని సరకు, నిజమైన తూకము ప్రతిజ్ఞగా సహకారపు టంగడి తెఱచిరి. 1847లో స్త్రీలకును, పదునెనిమిదేండ్ల లోపు వారికిని నేతమిల్లులలో దినమునకు పదిగంటల పని యను చట్టము వచ్చినది. ముప్పదియైదేండ్ల లోపల సుత్తి పట్టిన చేయి కలము పట్టినది, తక్కెడ పట్టినది. దాని నట్లు మార్చినది ఉరికంబము కాదు, జాలియు గాదు. పదిమంది పగటివేళ కూర్చుండి మాటలాడుకొను స్వేచ్ఛ. సంఘము పేచీలు నేర్పునని భయపడువా రీ వరుసను చూడవలెను. సంఘము లేనప్పుడే మగ్గములు పగిలినవి.

ఇక రెండవ వాదము. సంఘము పరదేశపు తెవులట! సంస్కృతము నాలుగక్షరములు నేర్చి పిల్లలకు జెప్పి పొట్టపోసికొను మాకు ఈ మాట మఱింత నొప్పి కలిగించినది. మాళవదేశమున దశపురమని యొక నగరము గలదు. నేడు దానిని మందసోరందురు. లాటదేశమునుండి అచ్చటికి వలసవచ్చిన పట్టునేతగాండ్ర శ్రేణి యొకటి క్రీస్తుశకము 437 ప్రాంతమున సూర్యదేవాలయమును గట్టించినది. 473 ప్రాంతమున దానికి జీర్ణోద్ధరణము చేయించినది. ఈ వృత్తాంతమును వత్సభట్టి యను కవి సంస్కృత శ్లోకములలో రచింపగా శిలపై జెక్కించిరి. అది రాజు కట్టించిన గుడి కాదు. నేతగాండ్రు కూటమిగా జేరి తమ సొమ్ముతో గట్టించినది. ఆ శ్రేణిలో విలువిద్య నేర్చినవారును, జ్యోతిషమెఱిగినవారును, కథలు చెప్పువారును గలరని ఆ శాసనమే చెప్పుచున్నది. పదునైదువందల యేండ్ల క్రిందటి నేతగాడు సంఘముగా గూడి, గుడి కట్టించి, దానిపై తన పేరు తాను వ్రాయించుకొన్నాడు. నేటి నేతగాడు కూలిచీటిపై తన పేరు వ్రాయుమన్న తెవులంటినవాడగునా?

కౌటిల్యుని యర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుని గూర్చిన ప్రకరణమును జూడుడు. ఇల్లు వెడలని స్త్రీలకు, విధవలకు, అంగవికలురకు ఇంటికడనే వడుకుపని యేర్పఱుపవలెననియు, నూలు సన్నదనమును బట్టి కూలి కట్టవలెననియు, కూలి యిచ్చుటలో కాలహరణము చేసిన యధికారికి దండనము గలదనియు నందున్నది. అదే ప్రకరణమున కూలి పుచ్చుకొని పని చేయని స్త్రీకి బొటనవ్రేలు శిక్షయు గలదు. మేము దానిని దాచము. ప్రాచీనమైనదంతయు బంగారమని మా మతము గాదు. యాజ్ఞవల్క్యస్మృతి మఱొక మెట్టెక్కినది. కారువులకును శిల్పులకును బాధ కలుగునట్లు వర్తకులు కూడబలుకుకొని ధర కట్టిన, వారికి ఉత్తమసాహస దండనము విధించినది. కూడుట యెవరికి నేరమో ఆ స్మృతికారుడు గుర్తించెను. 1776లో ఆడం స్మిత్తు తన గ్రంథమున, యజమానులు పైకి చెప్పకయే యెల్లప్పుడును ఎల్లచోట్లను కూలి పెరుగకుండ కట్టుగట్టియుందురని వ్రాసినది ఇదే విషయము. నేడు మన వ్యవహార మెట్లున్నది? వర్తకులు కూడిన అది వాణిజ్యమండలి. దానికి భవనము, బల్లలు, వార్షికోత్సవము. కూలివారు కూడిన అది అల్లరి. దానికి పోలీసు జవాను. ఈ తేడా ఏ శాస్త్రమున నున్నదో మా మిత్రులు చెప్పవలెను.

అయితే పాత శ్రేణి యున్నచో చాలునా? చాలదు. అది పెక్కుచోట్ల పుట్టుకతో జేరిన కూటమి. కైకోలలు వేఱు, పద్మశాలీలు వేఱు, దేవాంగులు వేఱు. ఒకరి పంక్తిలో నొకరు గూర్చుండరు. నేడు కొట్లలో కులవృత్తిగా నేత లేనివారును మగ్గముకడ నిలుచుచున్నారు. వారి నేపంక్తిలో గూర్చుండబెట్టుదురు? ఈ ప్రశ్నకు బదులు చెప్పని సంఘమున కేమి గతి పట్టునో మనకు మిక్కిలి దగ్గరనే, మా రైలుదారి కొననే, మదరాసులో నొకసారి జరిగినది. ఆ కథ ప్రతి కుటుంబమునను చదువదగినది.

మదరాసు పెరంబూరులో బకింగ్‌హాము, కర్నాటిక్ అను రెండు గొప్ప బట్టలమిల్లులుండెను. తమిళులతోబాటు తెలుగువారును వానిలో పనిచేసిరి. 1911 సంవత్సరపు చట్టము నేతమిల్లులలో పురుషునిచే దినమునకు పండ్రెండు గంటలు పని చేయించుకొననిచ్చినది. మధ్యాహ్నము విరామ మరగంట. ఆ యరగంటలో చేతులు కడిగికొనవలెను, తినవలెను, మరల మగ్గము చేరవలెను. అదే పేటలో శ్రీ వేంకటేశ గుణామృతవర్షిణి సభ యను భక్తసమాజ ముండెను. అచ్చట మతోపన్యాసములు వినవచ్చు కూలివారు తమ కష్టములను సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు అను నిరువురు వర్తకులకు జెప్పుకొనిరి. వారు అనిబిసెంటు అనుచరుడగు బి. పి. వాడియా నాశ్రయించిరి. 1918 ఏప్రిలు 27వ తేదీన మదరాసు లేబర్ యూనియను వెలసినది. క్రమమైన సభ్యత్వమును, చందాయు గల కార్మికసంఘములలో భారతదేశమున మొదటివానిగా దానినే యెన్నుదురు. మా మిత్రులీ సంగతిని గమనింతురు గాక: ఆ సంఘము తెల్లవారి పడవలో దిగలేదు; ఏడుకొండలవాని పేరుగల సభలో పుట్టినది. దాని మొదటి కోరికలలో నొకటి రాజ్యము గాదు, రత్నములు గావు. అన్నము తినుటకు మఱికొన్ని నిమిషములు!

1920లో కంపెనీవారు మదరాసు హైకోర్టులో దావా వేసి వాడియా ప్రభృతులపై నిషేధాజ్ఞ తెచ్చిరి. పనివారిని పని మానుడని చెప్పుట ఒడంబడికకు భంగము కలిగించుటయట. సంఘము పెట్టినవాని యిల్లువాకిలి నష్టపరిహారము క్రింద పోవచ్చునని దేశమంతటికి అప్పుడు తెలిసినది. ఎన్. ఎం. జోషీ 1921లో కేంద్రశాసనసభలో ఈ విషయమును ప్రతిపాదించెను. కడకు 1926లో కార్మికసంఘముల చట్టము వచ్చినది. నేడు దేశమున ఏ సంఘము రిజిష్టరయినను దాని వెనుక పెరంబూరు కూలివాని ఋణము గలదు.

ఇంతవరకు గర్వింపదగిన కథ. ఇక సిగ్గుపడదగినది. 1921 వేసవిలో ఆ మిల్లులలో పెద్ద సమ్మె నడిచినది. అగ్రకులములవారును ముసల్మానులును నిలిచిరి. ఆదిద్రావిడ కార్మికులు పెక్కండ్రు పనికి మరలిరి. పుళియాంతోపు పేటలో గుడిసెలు కాలినవి, నెత్తురు చిందినది. ఆగస్టు 29వ తేదీన పోలీసు కాల్పులలో మనుష్యులు ప్రాణములు గోల్పోయిరి. అక్టోబరునాటికి సమ్మె కూలిపోయినది. యజమాని గెలిచెనని యందుము. యజమాని యొక్కడే గెలిచినాడా? ఆదిద్రావిడుడు ద్రోహి యని యప్పుడు పలువురనిరి, నేటికిని అనువారున్నారు. మేమొక్కటి యడుగుదుము. మగ్గముకడ నాతనిని సోదరుడని పిలిచినవారు, నీటికుండకడ నేమని పిలిచిరి? సాయంకాలము తమ వీధిలో నాతనిని నడువనిచ్చిరా? ఏడాది పొడుగున ముట్టరానివాడు సమ్మె దినమున మాత్రము అంగమెట్లగును? సంఘము పేర వానిని పిలిచినపుడు, పస్తులలో వానికి సమపాలు పంచుటకు గాక, కట్టెలుగా వాడుటకు పిలిచిరేమో యని వాడు శంకించుటలో వింత యేమి? ఆ సంఘమును కంపెనీ కొంత, పోలీసు కొంత విఱిచిరి. మిగిలినది మన కులము విఱిచినది. ఆ మిల్లులే నేడు లేవు, 1996లో మూతపడినవి. కాని ఆ విఱుగుడు మా కొట్లలో నేటికిని సజీవముగా నున్నది.

మూడవ వాదమునకు వత్తము. దయ చాలునని చెప్పువారు గాంధీగారి పేరెత్తుదురు. ఖద్దరు గాంధీని తలచువారు అహమ్మదాబాదు గాంధీని మఱతురేల? 1918 మార్చిలో ఆ నగరపు మిల్లుకూలీలు నూటికి ముప్పదియైదు హెచ్చింపుడని సమ్మె చేయగా, ఆయన వారి పక్షమున నిలిచి మూడు దినములుపవసించెను. యజమానులలో ముఖ్యుడగు అంబాలాల్ సారాభాయి ఆయనకు మిత్రుడు. ఆ యంబాలాలు సోదరి అనసూయాబేను కూలివారి పక్షపు నాయకురాలు. 1920లో అచ్చట మజూర్ మహాజన్ అను కార్మికసంఘ మేర్పడినది. యజమాని హృదయమును మార్చవచ్చునని మనసార నమ్మిన మహాత్ముడే, ఆ హృదయముపై మాత్రము ఆధారపడుమని కూలివానికి జెప్పలేదు. ఓవెను మాట వేఱు, 1848లో మార్క్సు ఏంగెల్సులు ప్రకటించిన మాట వేఱు, గాంధీ మాట వేఱు. వారి సిద్ధాంతముల నడుమ ఆకాశపాతాళములంత యెడము గలదు. కాని పనివాడు ఒంటరిగా నిలిచి బేరమాడలేడను నొక్క విషయమున ఆ భేదములన్నియు నణగిపోవును. ఏ మతము పట్టవలెనో మేము చెప్పము. ఆ యొక్క విషయమును కాదనువారు మాత్రము ముగ్గురిలో నెవరి పేరును వాడుకొనరాదు.

“కూలి పెరిగిన కొట్టు మూతపడును” అనుటలో సగము నిజము గలదంటిమి. ఒక కొట్టువాడు తన కూలివారికి హెచ్చుగా నిచ్చినచో షావుకారు నూలు పొరుగు కొట్టునకు బోవును. ఇది మేము కన్నులార చూచినదే. కాని దీనివలన దేలునదేమి? ఒక్క కొట్టులో గూడిన సంఘము చాలదనియేగాని, సంఘమే వలదని కాదు. ఈ చివరి నగరినుండి ఆ చివరి పుత్తూరుదాక అన్ని కొట్లలో నొక్క దినమున నొక్క రేటు నిలిచినచో నూలు ఏ పొరుగునకు బోవును? ఆ రేటు షావుకారు చేతినుండి రావలెనన్న, కొట్టువాడును కూలివానిని పీడించుట మాని, తనవంటి కొట్టువారితో గూడి షావుకారు నడుగవలెను. నాటింగ్‌హామున అద్దెమగ్గపువానికిని, మా యూర అప్పుమగ్గపువానికిని భేదము స్వల్పము. తాను యజమానినను భ్రమలో నున్నంతకాలము వాడు క్రిందివానిని నలుపును, పైవానిచే నలుగును.

అప్పటికిని పని ఈరోడునకో భివండికో పోవునందురా? కొంత పోవచ్చును. మేము కాదనము; సంఘమువలన నెవరికిని నష్టము లేదని చెప్పువాడు కల్లలాడుచున్నాడు. కాని చవుక మనుష్యుని జూపి పని నిలుపుకొను నూరికి, అంతకంటె చవుక మనుష్యుని జూపు నూరు రేపు తప్పక దొరకును. ఈ పందెమునకు కొస లేదు. ఆకలి దాని కొస.

చట్టమున్నదిగదా యని మఱికొందఱందురు. 1948 నాటి కర్మాగారముల చట్టము, యంత్రశక్తి గలచోట పదిమంది పనివారున్నప్పుడే వర్తించునట్లు చేయబడినది. 2020లో చేసిన క్రొత్త స్మృతి ఆ సంఖ్యను ఇరువదికి బెంచినది. మా కొట్లలో నిలుచువారు నలుగురైదుగురు. చట్టము వాకిటిదాక వచ్చి, తలలు లెక్కించి, వెనుదిరుగును. 1926 చట్టము క్రింద ఏడుగురు చేవ్రాలు చేసిన సంఘము రిజిష్టరగుటకు వీలుండెను. 2001లో చేసిన సవరణ, ఆ సంస్థలోనో పరిశ్రమలోనో నూటికి పదిమందియో, లేక నూఱుగురో, ఏది తక్కువయైన నంతమంది సభ్యులు గావలెనని విధించినది. చెల్లాచెదరుగా నున్న కొట్లవారికి ఈ రెండుమార్పులును అడ్డుగోడలే. అందుచేత వారికి బయటివారి తోడు ఎక్కువ కావలసియున్నది. ఆ తోడు మనమే గావచ్చును. తోడు గాకున్నను అడ్డు రాకుందుము.

ఇంకొక మాట, ప్రత్యేకముగా మన సోదరీమణులకు. మా తరగతిలో నొక బాలిక మొదటి గంటలో తఱచుగా నిద్రపోవుచుండెను. మందలించితిమి. రెండవమారు మందలింపగా లేచి నిలిచి, తలవంచుకొని, “రాత్రి కండెలు చుట్టినాను సార్” అనెను. తల్లికి జ్వరమట, ఉదయమునకు పేక లేకున్న తండ్రి మగ్గ మాగునట. తండ్రికి మీటరునకు గూలి వచ్చెను. తల్లికి కండెల కూలి కొంచెమో గొప్పో వచ్చెను. ఆ పిల్ల మేలుకొన్న రాత్రికి ఎవరు వెల గట్టిరి? మేము బెత్తము చూపి వెల గట్టితిమి. ఆ దినమునుండి మాకు సంఘమనగా మగ్గముకడ నిలుచు మగవారి గుంపు మాత్రమే గాదని తెలిసినది. పెరటిలో రాట్నముకడ గూర్చున్న స్త్రీకి సభ్యత్వము లేని సంఘము సగము సంఘము. ఆమె చేయి ఆగిన ఊరంతటి మగ్గము లాగును. అయినను ఆమె పనిని మనము “ఇంటిపని” యందుము. కౌటిల్యుడు సహితము ఇల్లు వెడలని స్త్రీ పనికి నూలు సన్నదనమును బట్టి వెల గట్టెను. మనము గట్టలేమా?

కావున చదువరుల నాలుగు కోరుచున్నాము. కూలివారు గూడినారని వినినప్పుడు అల్లరి యను మాట నోట రానీయక, ఏమడుగుచున్నారో ముందు విచారింపుడు. మీ బంధువులలో షావుకారుగాని కొట్టువాడుగాని యున్నచో, కూలివానికి లెక్క వ్రాసిన చీటి యిచ్చుచున్నారా యని అడుగుడు; చీటి లేని కూలికి తగవు తీఱదు. సంఘము పెట్టినవారు నీటికుండ రెండుగా బెట్టినచో, లేక ఆడువారిని గడప బయట నుంచినచో, వారి కోరిక ఎంత న్యాయమైనను ఆ తప్పును మొగముమీద జెప్పుడు. నేతగాని పిల్ల బడికి రాకున్న, కారణము దాని సోమరితనమని తలపకుడు. ఇవి గొప్ప విప్లవములు గావు. అరుగుమీద గూర్చుండియే చేయదగినవి. అరుగుమీదనే చెడినది గావున అరుగుమీదనే బాగుపడవలెను.

మా పుత్తూరు ఎముకల కట్టునకు ప్రసిద్ధి. విరిగిన చేతులు, కాళ్లు పట్టుకొని దూరదేశములనుండి రోగులు వత్తురు. కట్టువాడు ముందుగా విరిగిన రెండు కొనలను వ్రేళ్లతో తడవి, సరిగా నెదురెదురుగా జేర్చును. ఆ క్షణమున రోగి కేకవేయును. పిదప పసరు పూసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డ చుట్టును. కొనలు గలియక పైన నెంత మెత్తని గుడ్డ చుట్టినను చేయి వంకరపోవును. మా మిత్రుల జాలి యీ మెత్తని గుడ్డవంటిది. అది వలదని మేమనము. కాని ముందు కొనలు గలియవలెను: మగ్గముకడ నిలుచువాడును రాట్నముకడ గూర్చున్నదియు, కైకోలయు ఆదిద్రావిడుడును, పుత్తూరును నగరియు. కలుపునప్పుడు నొప్పి యుండును, కేకయు వినబడును. ఆ కేక విని తలుపు మూసికొందుమా, కట్టుటకు చేయి సాయమిత్తుమా యనునదే మన యెదుట నున్న ప్రశ్న. పెండ్లియింట ఊరకున్నందులకు మేము సిగ్గుపడితిమి. ఇంకొక యరుగుమీద ఈ ప్రసంగము వచ్చినప్పుడు చదువరు లూరకుండకుందురుగాక.